ఏ పరుగుకు పేరివ్వాలి? శ్రీకాకుళం, విజయనగరం రన్నర్ల ప్రశ్నలకు జవాబులు

చలికాలం తెల్లవారుజామున శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ మైదానానికి గానీ, విజయనగరం విజ్జీ స్టేడియానికి గానీ వెళ్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఆర్మీ ర్యాలీకో పోలీసు ఉద్యోగానికో తయారవుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఒకవైపు. షుగరు తగ్గాలని నడక మొదలుపెట్టి, ఇప్పుడిప్పుడే పరుగు అందుకున్న నడివయసువాళ్లు మరోవైపు. విశాఖలో నేవీ మారథాన్ ప్రకటన రాగానే ఇద్దరి నోటా ఒకటే మాట: ఇరవై ఒక్క కిలోమీటర్లకు కట్టేద్దామా, పదికి కట్టేద్దామా? చాలామంది స్నేహితుడు దేనికి కట్టాడో దానికే కడుతున్నారు. ఆ తర్వాత మోకాలు పట్టుకుని మూడు నెలలు ఇంట్లో కూర్చుంటున్నారు. ఫీజు కట్టకముందే తెలుసుకోవాల్సిన సంగతులు, కట్టాక మనకుండే హక్కులు ఇక్కడ రాస్తున్నాను.

నాకు తగిన దూరం ఏదో ఎలా తెలుస్తుంది?

గడిచిన రెండు నెలల్లో మీ కాళ్లు ఏం చేశాయో చూడండి. వచ్చే రెండు నెలల్లో ఏం చేయాలనుకుంటున్నారో లెక్కలోకి తీసుకోవద్దు. అరగంట సేపు ఆగకుండా, పక్కవాళ్లతో మాట్లాడుతూ మెల్లగా పరుగెత్తగలిగితే 5 కిలోమీటర్లకు పేరివ్వవచ్చు. మధ్యలో కాస్త నడిచినా తప్పేం లేదు. వారానికి మూడు రోజులు పరుగెత్తుతూ, 5 కిలోమీటర్లు హాయిగా ముగించి మరునాడు మామూలుగా పనికి వెళ్లగలుగుతుంటే 10 కిలోమీటర్లు మీవే. హాఫ్ మారథాన్, అంటే 21.0975 కిలోమీటర్లు, కావాలంటే అప్పటికే ఒకటి రెండు 10 కిలోమీటర్ల పరుగులు పూర్తిచేసి ఉండాలి. ఆదివారం పరుగు నెమ్మదిగా 16 కిలోమీటర్ల దాకా పెరిగి ఉండాలి. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. కనీసం ఏడాది పాటు విడవకుండా పరుగెత్తి, రెండు హాఫ్ మారథాన్లు చేసి, శిక్షణలో 30 కిలోమీటర్లు చూసినవాళ్లే దానికి కట్టాలని నా గట్టి అభిప్రాయం.

మొదటిసారి 5 కిలోమీటర్లకు కట్టడం చిన్నతనంగా భావించేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా భావించకండి. 5 కిలోమీటర్లు మనసుపెట్టి వేగంగా పరుగెత్తడం, 21 కిలోమీటర్లు ఈడ్చుకుంటూ నడవడం కన్నా కష్టమైన పని, మంచి పని కూడా.

ఎంత సమయం పడుతుందో ముందే లెక్క కట్టవచ్చా?

కట్టవచ్చు. అమెరికన్ ఇంజనీరు పీట్ రీగల్ ఇచ్చిన సూత్రాన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. దూరం రెట్టింపయితే సమయం రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ, దాదాపు 2.08 రెట్లు, అవుతుందన్నది దాని సారం. 5 కిలోమీటర్లు 35 నిమిషాల్లో చేసేవాళ్లకు 10 కిలోమీటర్లు సుమారు 73 నిమిషాలు. 10 కిలోమీటర్లు గంటలో చేసేవాళ్లకు హాఫ్ మారథాన్ సుమారు 2 గంటల 12 నిమిషాలు, మారథాన్ 4 గంటల 36 నిమిషాలు. ఇది ఆ దూరానికి తగ్గ శిక్షణ ఉన్నవాళ్ల లెక్క. శిక్షణ లేకపోతే, పైగా మన తీరం ఉక్కపోత తోడైతే, ఇంకా ఎక్కువే పడుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, ప్రతి పెద్ద పరుగుకూ కటాఫ్, అంటే ముగించాల్సిన గడువు, ఉంటుంది. హాఫ్ మారథాన్‌కు 3 గంటల కటాఫ్ పెడితే కిలోమీటరుకు 8 నిమిషాల 32 సెకన్లకు మించకూడదు. మూడున్నర గంటలిస్తే 9 నిమిషాల 57 సెకన్ల దాకా వెసులుబాటు ఉంటుంది. కటాఫ్ దాటితే రోడ్డు మీద ట్రాఫిక్ వదిలేస్తారు, వాటర్ పాయింట్లు ఎత్తేస్తారు, వెనకాల వచ్చే బస్సు ఎక్కమంటారు. ఎక్కమన్నప్పుడు ఎక్కాలి. అది మీ ప్రాణం కోసం పెట్టిన నిబంధన. మీ లెక్క కటాఫ్‌కు పావుగంట దగ్గర్లో ఉంటే ఒక మెట్టు తక్కువ దూరానికి కట్టండి.

ఆర్మీకి, పోలీసుకు తయారవుతున్నాను. హాఫ్ మారథాన్ చేస్తే గ్రౌండ్‌లో ఉపయోగపడుతుందా?

మన రెండు జిల్లాల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒక్కో ఉద్యోగం ఒక్కో వేగం అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామక మండలి 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అగ్నివీర్ జనరల్ డ్యూటీ (జీడీ) ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు చేస్తేనే పూర్తి 60 మార్కులు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కేంద్ర బలగాల జీడీ కానిస్టేబుల్ పరీక్షలో పురుషులకు 5 కిలోమీటర్లు 24 నిమిషాలు, మహిళలకు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాలు. రైల్వే గ్రూప్ డిలో పురుషులకు కిలోమీటరు 4 నిమిషాల 15 సెకన్లు, మహిళలకు 5 నిమిషాల 40 సెకన్లు, అదీ ఒకే ఒక్క అవకాశంలో.

వీటిని కిలోమీటరు లెక్కకు తెచ్చి చూడండి. ఏపీ పోలీసుకు పురుషులు కిలోమీటరు 5 నిమిషాల్లో వెళ్తే చాలు. అగ్నివీర్‌లో పూర్తి మార్కులకు 3 నిమిషాల 26 సెకన్లు కావాలి. ఈ రెండూ వేరువేరు పరుగులు. ఒకే గ్రౌండ్‌లో, ఒకే గుంపులో, ఒకే పద్ధతిలో రెండింటికీ తయారవడం వల్లనే ఎంతోమంది కష్టపడి కూడా సెకన్ల తేడాతో వెనక్కి వస్తున్నారు.

ర్యాలీకి రెండు నెలల ముందు హాఫ్ మారథాన్‌కు కట్టవద్దు. అది ఇచ్చే దమ్ము కన్నా తీసుకునే అలసట ఎక్కువ. ఆ సమయంలో 400 మీటర్లు గట్టిగా పరుగెత్తి, కాస్త ఆగి, మళ్లీ పరుగెత్తే సాధన కావాలి. కేంద్ర బలగాల జీడీకి తయారయ్యేవాళ్లకు మాత్రం టైమింగ్ చిప్ ఇచ్చే 5కె రేసు బంగారం లాంటి అవకాశం. అదే దూరం, అదే ఒత్తిడి, చేతికి సరైన సమయం వస్తుంది. ర్యాలీకి ఆర్నెల్లకు పైగా గడువున్న వాళ్లయితే 10 కిలోమీటర్ల రేసు ఒకటి చేసుకోవచ్చు.

ఇంకో సంగతి. 2023 జనవరిలో ఏపీ కానిస్టేబుల్ ప్రిలిమ్స్ రాసినవాళ్లకు గ్రౌండ్ పరీక్షలు 2024 డిసెంబర్ చివర్లో గానీ మొదలు కాలేదు. దాదాపు రెండేళ్లు. అంతకాలం ఎవరూ ఒకే వేగంలో ఉండలేరు. తేదీ తెలియని రోజుల్లో నెలకో రెండు నెలలకో ఒక చిన్న రేసు పెట్టుకుంటే ఒళ్లు సడలదు, మనసూ సడలదు. సమయాలు, మార్కులు నోటిఫికేషన్ నోటిఫికేషన్‌కు మారుతుంటాయి. కోచింగ్ సెంటర్‌లో చెప్పినదాన్ని నమ్మి ఊరుకోకుండా మీ నోటిఫికేషన్ మీరే చదవండి.

మా ఊళ్లో జరిగే 2కె, 5కె రన్‌లు రేసుల కిందకు వస్తాయా?

అక్టోబర్ 31 ఐక్యతా దినోత్సవానికో, ఆగస్టు 29 క్రీడా దినోత్సవానికో పెట్టే పరుగులు చాలావరకు అవగాహన కోసం. పేపర్లో మారథాన్ అని వచ్చినా దూరం ఎంతో, టైమింగ్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. కొత్తవాళ్లకు ఇవి మంచి మొదటి మెట్టు. డబ్బు ఖర్చు లేదు, ఊరు దాటక్కర్లేదు, జనం మధ్య పరుగెత్తడం అలవాటవుతుంది. మీ వేగం ఎంతో తేల్చుకోవడానికి మాత్రం పనికిరావు.

దూరం నిజంగా అంతే ఉందని నమ్మకం ఏమిటి?

కోర్సు కొలిచిన ధ్రువపత్రం ఉందా అని నిర్వాహకులను అడగండి. వరల్డ్ అథ్లెటిక్స్ పద్ధతిలో ప్రత్యేక మీటరు బిగించిన సైకిల్ మీద రోడ్డును కొలుస్తారు. తక్కువ పడకుండా వెయ్యికి ఒక వంతు అదనంగా కలుపుతారు, అంటే మారథాన్‌కు 42 మీటర్లు. మీ ఫోన్‌లో 21.3 కిలోమీటర్లని చూపించిందంటే కోర్సు తప్పని అర్థం కాదు. మలుపుల దగ్గర బయటివైపు పరుగెత్తి ఉంటారు, ఫోన్ లెక్కలోనూ తేడా ఉంటుంది.

ఫలితాల్లో రెండు సమయాలు ఇస్తారు. తుపాకీ పేలినప్పటి నుంచి లెక్కించేది ఒకటి, మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి చిప్ లెక్కించేది రెండోది. బహుమతులు దేని ప్రకారం ఇస్తారో నిబంధనల్లో చూసుకోండి. వయసు వర్గాల్లో బహుమతి ఆశించేవాళ్లు ఇది చూడకపోతే గుంపు వెనకాల నిలబడి నష్టపోతారు.

విశాఖ వెళ్లాలా, హైదరాబాద్ వెళ్లాలా?

మనకు దగ్గరలో పెద్దది విశాఖ నేవీ మారథాన్. తూర్పు నౌకాదళం 2014లో మొదలుపెట్టింది. బీచ్ రోడ్డు మీద జరుగుతుంది, ఇటీవలి ఏళ్లలో 5, 10, 21, 42 కిలోమీటర్లు ఉంటున్నాయి. ఈ మధ్య నవంబర్, డిసెంబర్ నెలల్లో పెడుతున్నారు. ఎండలు తగ్గిన కాలం కాబట్టి మొదటి 10కె, మొదటి 21కె చేయడానికి నేనైతే దీన్నే చెప్తాను. అయినా బీచ్ రోడ్డులో ఎత్తుపల్లాలున్నాయి. ఎప్పుడూ గ్రౌండ్ చుట్టూ తిరిగేవాళ్లు నెల ముందు నుంచైనా వారానికోసారి ఎత్తు ఉన్న రోడ్డు మీద పరుగెత్తాలి.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ సాగే కోర్సు, వానాకాలపు తేమ. మంచి సమయం సాధించాలని వెళ్లేవాళ్లకు అది సరైన చోటు కాదు. గట్టి కోర్సు ముగించాలనుకునేవాళ్లకు బాగుంటుంది.

ఖర్చు కూడా లెక్క వేసుకోండి. పెద్ద రేసుల్లో చెస్ట్ నంబరు రేసు రోజు ఇవ్వరు, ఒకటి రెండు రోజుల ముందే తీసుకోవాలి. తెల్లవారకముందే స్టార్ట్. శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లు రాత్రి విశాఖలో ఉండాల్సిందే, ఇచ్ఛాపురం, పలాస వాళ్లయితే చెప్పనే అక్కర్లేదు. ఫీజుకు రెండు మూడింతలు రూముకూ ప్రయాణానికీ పోతుంది. మీ తరఫున నంబరు వేరొకరు తీసుకోవచ్చా, అందుకు ఏ కాగితం కావాలి అని ముందే అడిగితే ఒక ప్రయాణం తప్పుతుంది.

ఉద్దానం వాళ్లం. దూరపు పరుగులు మేం చేయవచ్చా?

చేయవచ్చు, కానీ పరీక్షలు చేయించుకున్నాకే. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఈ జబ్బు పైకి ఏ లక్షణమూ లేకుండా చాలాకాలం లోపలే పెరుగుతుంది. బాగానే పరుగెత్తుతున్నానన్నది కిడ్నీలు బాగున్నాయనడానికి రుజువు కాదు. హాఫ్ మారథాన్‌కు కట్టేముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే డాక్టరుకు ఆ సంగతి, మీ పరుగు సంగతి రెండూ చెప్పండి.

రెండోది నొప్పి మాత్రలు. మోకాలి నొప్పికి డైక్లోఫెనాకో ఇబుప్రొఫెనో వేసుకుని పరుగుకు దిగేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. 80 కిలోమీటర్ల పరుగులు చేసిన 89 మంది మీద జరిపిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. ఇబుప్రొఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి కిడ్నీలు తాత్కాలికంగా దెబ్బతిన్నట్టు తేలింది. అది అతిదూరపు పరుగే కావచ్చు. కానీ ఉద్దానంలో ఆ మాత్రం ప్రమాదం కూడా ఎందుకు కొనితెచ్చుకోవాలి? మాత్ర వేసుకుంటే తప్ప పరుగెత్తలేని స్థితిలో ఉంటే ఆ రేసు మానేయండి.

అలాగని నీళ్లు అదేపనిగా తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయి ఉంది. దాహం వేసినంత తాగండి, ఉప్పు కలిపిన నీళ్లో ఓఆర్‌ఎస్సో దగ్గర ఉంచుకోండి. మార్చి దాటాక మన తీరంలో 10 కిలోమీటర్లకు మించిన రేసుకు కట్టవద్దన్నది నా సలహా.

పిల్లలను పెద్ద పరుగులకు పంపవచ్చా?

పంపవద్దు. ముంబయి మారథాన్‌లో పూర్తి దూరానికి 18 ఏళ్లు నిండాలి, పెద్ద రేసులన్నిటికీ ఇలాంటి వయసు నిబంధన ఉంటుంది. పుట్టిన తేదీ మార్చి కట్టించే తల్లిదండ్రులు, పీఈటీలు ఆ పని మానాలి. వేగం ఉన్న పిల్లలకు స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 పోటీలున్నాయి, అథ్లెటిక్స్ ఫెడరేషన్ జిల్లా స్థాయి పోటీలున్నాయి. ట్రాక్ మీద వచ్చే సర్టిఫికెట్ వాళ్లకు రేపు ఉపయోగపడుతుంది.

నా నంబరు స్నేహితుడికి ఇవ్వవచ్చా? దూరం మార్చుకోవచ్చా?

నంబరు ఇవ్వకూడదు. దాని వెనక మీ రక్తం గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఉంటాయి. స్నేహితుడు రోడ్డు మీద పడిపోతే డాక్టరు మీ వివరాలు చూసి వైద్యం చేస్తాడు, ఫోన్ మీ ఇంటికి వెళ్తుంది. మహిళ నంబరుతో పురుషుడు, యాభై ఏళ్ల మనిషి నంబరుతో పాతికేళ్ల కుర్రాడు పరుగెత్తితే ఇంకొకరి బహుమతి పోతుంది. దూరం మార్చుకునే వీలు కొన్ని రేసులు ఒక తేదీ దాకా ఇస్తాయి. శిక్షణ దెబ్బతిన్నదనిపిస్తే ఆ తేదీలోపే 21 నుంచి 10కి మారండి.

మహిళలు, వికలాంగులు ఏం అడగాలి?

మహిళలు స్టార్ట్ దగ్గర, దారిలో టాయిలెట్లు ఎన్ని ఉన్నాయో, బట్టలు మార్చుకునే చోటు, చీకట్లో పోలీసు, వాలంటీర్ల ఏర్పాటు ఉన్నాయో లేదో అడగాలి. సమాధానం ఇవ్వని రేసుకు వెళ్లకపోవడమే మేలు. వికలాంగులకు క్రీడల్లో పాల్గొనే అవకాశాలు కల్పించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ చెప్తోంది. చూపు లేనివాళ్లు గైడ్ రన్నర్‌తో కలిసి పరుగెత్తడం పారా అథ్లెటిక్స్‌లో మామూలు విషయం. గైడ్‌కు విడిగా ఫీజు అడుగుతారా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఏం జరిగినా నాదే బాధ్యత అని సంతకం పెట్టించుకుంటారు కదా, ఇక అడగడానికి ఏముంటుంది?

పరుగులో సహజంగా ఉండే ప్రమాదాలు, కాలు మెలిక పడటం, అలసిపోవడం లాంటివి, మీరు ఒప్పుకున్నట్టే. అంతమాత్రాన అంబులెన్స్ పెట్టకపోయినా, నీళ్లు అయిపోయినా, ట్రాఫిక్ ఆపకపోయినా నిర్వాహకులను ఎవరూ ప్రశ్నించకూడదని అర్థం కాదు. 2021 మే 22న చైనాలోని గాన్సూలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో వాతావరణం ఒక్కసారిగా మారి, చలికి 21 మంది చనిపోయారు. అందుకే వాతావరణం బాగాలేకపోతే రేసు ఆపే ఏర్పాటు ఉందా, అంబులెన్సులు ఎన్ని, ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది, బీమా ఉందా అని అడగడం ఫీజు కట్టే ప్రతి ఒక్కరి హక్కు.

తుపాను వచ్చి రేసు రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా?

మన తీరానికి ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. రేసుల కాలం, తుపానుల కాలం పక్కపక్కనే ఉంటాయి. ప్రకృతి వైపరీత్యం వల్ల రద్దయితే ఫీజు తిరిగి ఇవ్వబోమని చాలా రేసులు నిబంధనల్లోనే రాస్తాయి. కొన్ని వచ్చే ఏడాదికి మార్చుకోనిస్తాయి. ఆ పేరా చదివాకే డబ్బు కట్టండి. నిర్వాహకుల వల్లే రద్దయినా, చెప్పిన టైమింగ్, మెడల్, నీళ్లు ఇవ్వకపోయినా అది వేరే సంగతి, అప్పుడు ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు నిర్వాహకులకు ఈమెయిల్ రాయండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. రేసు హైదరాబాద్‌లో జరిగినా కేసు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వేసుకోవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వవచ్చు. ఉచితంగా పెట్టే రన్‌లకు మాత్రం ఈ చట్టం వర్తించదు. ఫీజు రసీదు, కట్టిన రోజు కనిపించిన నిబంధనల ఫొటో, చెస్ట్ నంబరు దాచిపెట్టుకోండి. సంఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు ఇవ్వాలి.